కేకతూము

ఆ తూముకు ఆ పేరు ఎందుకు వచ్చిందో రాతిమీద చెక్కించి నిలబెట్టాలని శశిభూషణ్ నిశ్చయించుకున్ననాటికి, దాని కింద మరిడమ్మ ప్రాణం పోయి సంవత్సరీకమైనా కాలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని కౌముదికి ఎవరూ చెప్పలేదు. మేనమామ ఫోనులో చెప్పినదల్లా ఒకటే.

"నువ్వు మాటలమీదే కదమ్మా డాక్టరేట్ చేశావు. మన కేకతూముకు ఆ పేరెలా వచ్చిందో నాలుగు వాక్యాలు రాసిపెట్టు. భాష కాస్త నిండుగా ఉండాలి సుమా. ఆదివారం శిలాఫలకం ఆవిష్కరణ. పెద్ద ఆఫీసరు గారొస్తున్నారు."

శశిభూషణ్ మొగపాలెం నీటిసంఘానికి అధ్యక్షుడు. తూముకు ఎగువన, మురుగుకాలువకు రెండు పక్కలా ఉన్న రొయ్యల చెరువులు ఆయనవే. కౌముది రాజమండ్రిలో డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు. నీటిని ఆపి వదిలే తలుపుకు ఈ డెల్టాలో ఎన్ని పేర్లున్నాయో ఆమె ఊరూరా తిరిగి పోగుచేసింది. మదుము అనే మాట నిఘంటువులలో మిగిలిపోయింది. తూము పొలంగట్టు నుంచి ఏటిగట్టు దాకా అందరి నోటా ఆడుతోంది. లాకు ఆనకట్ట కట్టిన దొరల వెంట వచ్చి, పడవలు పోయినా తాను పోకుండా ఇక్కడే స్థిరపడిపోయింది. కేకతూము అన్నది మాత్రం మరే ఊళ్ళోనూ వినపడలేదు. నీటి హోరును బట్టి పుట్టిన పేరై ఉంటుందని ఆమె అనుకునేది. అంతకన్న దూరం ఆలోచించవలసిన అవసరం ఆమెకు అంతవరకూ కలగలేదు.

శనివారం ఉదయం బయలుదేరింది. బస్సు ద్రాక్షారామం దాటేసరికి వాన పట్టుకుంది. యానాం వైపు రోడ్డుకు రెండు పక్కలా చెరువులు, చెరువుల్లో నీళ్ళను చిలుకుతున్న చక్రాలు, ఆ పైన బూడిదరంగు ఆకాశం. మొగపాలెంలో దిగి మేనమామ ఇంటికి చేరేసరికి ఆయన అప్పుడే భోజనానికి కూర్చుంటున్నాడు. అత్తయ్య సీతారామలక్ష్మి మరో విస్తరి వేసింది.

"నీటి హోరు అని రాద్దామనుకుంటున్నాను మావయ్యా" అంది కౌముది.

"హోరూ లేదు గీరూ లేదు. అసలు కథ వేరే ఉంది. కట్టేనాడు గోడ నిలవలేదుట. ఎవరో ఆడమనిషిని బలి ఇచ్చారు. ఆవిడ కేక వేసింది. ఆవిడే అమ్మవారై అక్కడ ఉండిపోయింది. అప్పుడప్పుడు ఒకరిని తీసుకుంటుంది. అదీ కేకతూము."

"ఎక్కడ విన్నారిది?"

"ఊళ్ళో అనుకుంటారు."

"ఈమధ్యనే అనుకుంటున్నారు" అంది సీతారామలక్ష్మి, పప్పులో నెయ్యి వేస్తూ. "మరిడమ్మ పోయిన దగ్గర్నుంచీ. అంతకు ముందు నేనైతే వినలేదు."

శశిభూషణ్ భార్యవైపు చూశాడు. ఆమె నేతిగిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మరిడమ్మ ఎవరు?"

"పల్లెపాలెం మనిషిలే. తూము ఎత్తేవేళకు కింద ఉండిపోయింది. సైరన్ మోగింది. ఊరంతా విన్నది, అదీ విన్నది. విని కూడా ఎక్కలేదు. అంతకంటే మనిషన్నవాడు ఏం చెయ్యగలడు చెప్పు? ఇప్పుడు వాళ్ళు కేసంటున్నారు, విచారణంటున్నారు. అమ్మవారి పేరు చెక్కించి, ఏటేటా చీర పెట్టిస్తే వాళ్ళకీ గౌరవం, ఊరికీ శాంతి."

"సైరన్ ఎవరు మోగిస్తారు?"

"మోగించడమేముంది? మోటారు పెట్టించాం కదా. మీట నొక్కితే సైరనూ అదే మోగుతుంది, తలుపూ అదే లేస్తుంది. వెనకటిలా చక్రం తిప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు."

ఆ మాట ఆయన కొంత గర్వంగానే అన్నాడు.  

మధ్యాహ్నం వాన తెరిపి ఇవ్వగానే ఆమె ఒంటరిగా తూము దగ్గరకు నడిచింది. ఊరి పొలాల మురుగంతా ఒకే కాలువగా చేరి అక్కడ ఉప్పుటేటిలో పడుతుంది. పడేచోట పాతకాలపు రాతికట్టడం, దాని నడుమ ఇనుప తలుపు. సముద్రం పోటుమీద ఉన్నంతసేపు తలుపు దించి ఉంచుతారు, ఉప్పునీరు పొలాలమీదికి ఎక్కకుండా. పాటు తీసి సముద్రం వెనక్కి తగ్గాక ఎత్తుతారు, మురుగు దిగిపోవడానికి. పాటు తీయడానికీ తలుపు ఎత్తడానికీ నడుమ కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఏటివైపు రాళ్ళపరుపు బయటపడుతుంది. రాళ్ళ సందుల్లో నిలిచిన మడుగుల్లో రొయ్యలు, పీతలు చిక్కుకుంటాయి. ఊరి అంచున ఉండే పల్లెపాలెం జాలరి ఆడవాళ్ళు బుట్టలతో దిగి ఏరుకుంటారు. తరతరాలుగా అది వాళ్ళ కూడు. వాళ్ళు వంగి ఏరుకుంటున్నంతసేపూ వాళ్ళ వీపుల వెనక, ఒక్క ఇనుప తలుపు చాటున, ఊరి మురుగంతా నిలబడి ఉంటుంది.

ఆ పూట పాటు తీసి చాలాసేపయింది. అయినా తలుపు దించే ఉంది. ఎగువన నీళ్ళు గట్టు అంచులదాకా వచ్చి, నాచునూ చెత్తనూ మోస్తూ, కదలకుండా మందంగా నిలబడి ఉన్నాయి.

"ఎందుకు ఎత్తలేదు?" అని అక్కడ గొడుగు పట్టుకుని కూర్చున్న ముసలాయనను అడిగింది కౌముది. ఆయన పెదబాబు. ఆమె చిన్నతనంలో ఆ తూముకు ఆయనే లస్కరు. చక్రం తిప్పి తలుపు ఎత్తడం, దించడం ఆయన పనే. మోటారు వచ్చాక శశిభూషణ్ చెరువుల మీద కాపలాకు కుదురుకున్నాడు.

"రేపు పెద్దోళ్ళొత్తారు కదండి. నీళ్ళు నిండుగా ఉంటే దూకుడు బాగుంటాదని బాబుగారు ఆపించారండి."

కట్టడంమీద కొత్తగా రంగు వేసిన మోటారు పెట్టె, దానిమీద గరాటులాంటి సైరన్. పాత చక్రం ఊడదీసి గడ్డిలో పారేశారు. కౌముది చూపు వాటిమీద నిలవలేదు. గోడ చివర, ఏటివైపు అంచున, ఒక్క రాయి మిగతావాటికన్న ముందుకు పొడుచుకు వచ్చి ఉంది. నిలబడి నిలబడి అరిగినట్టు దానిమీద రెండు పాదాల మేర గుంటలు. వాటిలో వాననీరు నిలిచింది.

"ఇది ఏం రాయి పెదబాబూ?"

"నిలబడే రాయండి."

"నీళ్ళు చూసుకోవాలంటే ఎగువవైపు నిలబడాలి కదా? ఇటు నిలబడితే ఏం కనిపిస్తుంది?"

"కనపడ్డానికి కాదండి. వినపడాలి కదండి" అన్నాడు పెదబాబు. 

"ఎవరికి?"

ఆయన గొడుగు మడిచి లేచాడు. "నాకేం తెలీదమ్మగారూ. చెరువుకాడికెల్లాలండి" అని, వాన మళ్ళీ మొదలవుతున్నా గొడుగు విప్పకుండానే గట్టు వెంబడి వెళ్ళిపోయాడు.

కౌముది రాతి అంచుకు వచ్చి కిందికి చూసింది. మెట్ల అడుగున, తలుపుకు ఎదురుగా, ఒకావిడ వంగి రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టి వెతుకుతోంది. ఒక్కతే ఉంది. తలుపు అంచుల నుంచి ఊరుతున్న నీరు ఆమె వెనక సన్నగా చిమ్ముతోంది.

"పైకి వచ్చెయ్యండమ్మా! ఇటు నీళ్ళు నిండిపోయి ఉన్నాయి" అని కేకేసింది కౌముది.

ఆవిడ తల ఎత్తింది. "మీరెవరండి?"

"శశిభూషణ్ గారి మేనకోడల్ని."

"అయితే భయం మీక్కాదండి, నాకుండాలి" అని నవ్వింది ఆవిడ. నవ్వులో సంతోషం లేదు. బుట్ట చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "నూకరత్నం అంటారండి నన్ను. మరిడమ్మ నా తోడికోడలు. రాయిమీద రాసే అమ్మగారు మీరేనా?"

"పేరు ఎలా వచ్చిందో రాయమన్నారు."

"ఆయ్. అమ్మవారు కేకేసిందని రాత్తారంట కదా. ఆ అమ్మవారికి ముందు నన్ను చూపించండి. రెండు మాటలడగాలి."

"మరి మీరేమంటారు? ఎలా వచ్చింది?"

నూకరత్నం ఆ అరిగిన రాయివైపు గడ్డం చూపింది. "అక్కడ నిలబడి కేకేత్తారండి. కింద మేం పలుకుతాం. పలికితే ఎత్తుతారు. పలక్కపోతే ఎత్తరు. కేకతూమంటే అదేనండి. ఇంకేం కావాలి?"

అంత చిన్న సంగతి.  తరువాత అడిగినకొద్దీ చెప్పింది. "తూము లేత్తందో!" అని పైనుంచి కేక వస్తుంది. కిందివాళ్ళలో ఒకతె పలుకుమనిషి. ఆమె అందరినీ ఎక్కించి, చెవిటిదో ముసలిదో ఎవరైనా ఏ మూలనైనా ఉండిపోయారేమో చుట్టూ తిరిగి చూసి, చివరి మెట్టుమీద నిలబడి "ఎక్కేమో, ఎత్తుకో!" అని, అందరం ఎక్కేశామన్నట్టు, బదులు పలుకుతుంది. ఆ పలుకు చెవిని పడేదాకా లస్కరు చక్రంమీద చెయ్యి వెయ్యడు. వాన అయినా వరద అయినా, ఆసాములు గట్టుమీద నిలబడి తిడుతున్నా వెయ్యడు. వెనకటి తరంలో అచ్చాయమ్మ అనే ఆవిడ పలుకుమనిషి. ఆమె తరువాత మరిడమ్మ.

"మరి ఆ రోజు సైరన్ మోగింది కదా?"

"మోగిందండి. మిసను పెట్టేక అదే మొదలండి. మేం ఎక్కేసేం. అదెక్కలేదండి. 'రాయే' అన్నాను. 'కూసింది మిసను. కేకెవరేశారే? నేను పలకలేదు కదా, ఎలా లేత్తాది తూము?' అందండి. ఆ మూల మడుగులో పీతలున్నాయంటా అటెల్లింది." నూకరత్నం బుట్టలోకి చూసుకుంది. అందులో ఏమీ లేదు. "ఇంకేం అనలేదండి."

కౌముది ఆ మూలవైపు చూసింది. మడుగు నల్లగా, నిశ్చలంగా ఉంది. మరిడమ్మకు తెలియనిది ఏమీ లేదు. తెలిసినదాన్ని నమ్ముకున్నది. తన పలుకు లేనిదే ఆ తలుపు లేవదని పుట్టినప్పటి నుంచి చూసినది కనుక, ఆ మాటమీద వీపు ఆనించి నిశ్చింతగా పీతలు ఏరుకున్నది. పైన ఉన్నవాళ్ళు ఆ మాటను ఊడదీసి గడ్డిలో పారేసిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. సైరన్‌కు నోరు పెట్టారు. చెవి పెట్టలేదు.

"ఇప్పుడు మీరొక్కరే ఎందుకు దిగుతున్నారు?"

"మిగతావోళ్ళు మానేసేరండి, భయపడి. నేను మానేత్తే ఇక్కడ మనుసులుండేవోరనే మర్సిపోతారు" అని, ఆమె తలుపువైపు ఒకసారి చూసి, గట్టు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వీధి అరుగుమీద కూర్చుని కౌముది కాగితంమీద ఒకే ఒక వాక్యం రాసింది. ఎత్తబోయేవారు కేకవేసి, కిందివారి పలుకు విన్న తరువాతనే ఎత్తవలసిన తూము కనుక ఇది కేకతూము. శశిభూషణ్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదివి కాగితం మడతపెట్టాడు.

"ఇది పేరుకు అర్థం కాదు కౌముదీ. అభియోగం."

"పేరుకు ఉన్న అర్థమే రాశాను. మీరు చిన్నప్పుడు ఆ కేక వినలేదా మావయ్యా?"

"విన్నాను. కాకుల అరుపులూ విన్నాను. అన్నిటినీ రాళ్ళమీద చెక్కిస్తామా?"

"కాకులు అరవకపోతే మనుషులు చావరు."

ఆయన ముఖం ఎర్రబడింది. చిన్నప్పుడు ఆమెను భుజానికి ఎత్తుకుని గట్టంతా తిప్పినవాడు, రేగుపళ్ళు కోసి ఒడిలో పోసినవాడు ఆయనే. ఆ ప్రేమ ఇంకా కళ్ళలో ఉండగానే, గొంతు మాత్రం చెరువుగట్టుమీద పనివాళ్ళతో మాట్లాడే గొంతయింది.

"రాయి చెక్కడం ఎప్పుడో అయిపోయింది. నీ కాగితం కోసం ఆగుతాననుకున్నావా? కథ నేనే చెప్పి రాయించాను. కింద నీ పేరు వేయించాను, డాక్టరు అని కూడా. చదువుకున్నవాళ్ళ పేరు ఉంటే ఆఫీసరు గారు ఇంకేం అడగరు. ఆవిడ ఆ విచారణ కూడా రేపే ముగించుకుని పోతారు. నువ్వు రెండు మాటలు మాట్లాడితే చాలు."

 అబద్ధం తన పేరుతో రాతిమీద అప్పటికే ఉంది. రేపు గుడ్డ తొలగిస్తే అది నిజమవుతుంది. మరిడమ్మ చావు అమ్మవారి ఖాతాలో పడుతుంది. ఆ తరువాత ఎవరు చచ్చినా అక్కడే పడుతుంది. లోపల సీతారామలక్ష్మి దీపం పెడుతూ, ఎవరితోనూ కాకుండా అన్నది. "పలుకు లేకుండా ఎత్తినవాణ్ణి మా మామగారైతే గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు."

ఆదివారం మధ్యాహ్నం వాన లేదు. గాలి కూడా లేదు. తూము పక్కన షామియానా, కుర్చీలు, మైకు. గోడకు ఆనించిన రాతిమీద పసుపు గుడ్డ. ఎగువ నీళ్ళు గట్టు అంచును ముట్టుకుంటున్నాయి. పొలాల్లో చేలు మునిగి కొసలు మాత్రం తేలుతున్నాయని ఇద్దరు రైతులు సణిగారు గాని, గట్టిగా అనలేదు. పల్లెపాలెం జనం దూరంగా ఒక వరుసలో నిలబడ్డారు. పెదబాబు వాళ్ళకూ షామియానాకూ నడుమ, ఎటూ చెందనట్టు ఉన్నాడు.

ఆఫీసరు వచ్చింది. నడివయసు మనిషి, మితంగా మాట్లాడేది. శశిభూషణ్ దండ వేయబోతే చేత్తో అందుకుని పక్కన పెట్టింది. "ముందు తూము ఎత్తండి. పొలాలు మునుగుతున్నాయి. రాయి తరవాత చూద్దాం."

"అలాగేనండి, అలాగే" అని ఆయన మోటారు పెట్టె దగ్గరకు నడిచాడు. అప్పుడు పల్లెపాలెం వరుసలో నుంచి నూకరత్నం బయటికి వచ్చింది. ఎవరివైపూ చూడలేదు. గబగబా కూడా నడవలేదు. రోజూ దిగే మనిషిలాగే మెట్లు దిగి, రాళ్ళపరుపుమీద తలుపుకు వీపు పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చున్నది.

"ఏయ్, నూకరత్నం! పైకి రా!" అని అరిచాడు శశిభూషణ్. ఆమె కదలలేదు.

"ఎవరావిడ?" అంది ఆఫీసరు.

"ఏం లేదండి, కాస్త మతి స్థిమితం లేదు. మనిషి పోయిన దుఃఖం. సైరన్ మోగితే అదే వస్తుంది." ఆయన పెట్టె మూత తీసి మీటమీద వేలు ఉంచాడు. అయితే నొక్కితే సైరనొక్కటే మోగదు. అది అందరికన్న ఆయనకే బాగా తెలుసు. తెలిసీ వేలు తియ్యలేదు. "వస్తావా, నొక్కమంటావా?" అన్నాడు.

అది బెదిరింపే కావచ్చు. బెదిరింపు ఎక్కడ ఆగుతుందో కౌముదికి తెలియలేదు. మైకు దగ్గర నిలబడి మాట్లాడడానికి ఆమె రాత్రంతా సిద్ధం చేసుకున్న మాటలున్నాయి, వ్యుత్పత్తితో సహా. అవన్నీ ఒక్కసారిగా పనికిమాలినవై పోయాయి. ఆమె చెప్పులు విప్పి మెట్లు దిగింది.

"కౌముదీ!" మేనమామ గొంతు చీలిపోయింది. "నీకేమైనా పిచ్చా? పైకి రా అమ్మా! రా!"

మీటమీది వేలు అప్పుడు లేచింది. నూకరత్నం ఒక్కతే కూర్చున్నంతసేపు లేవని వేలు, మేనకోడలి పాదం రాతిమీద పడేసరికి లేచింది. గట్టుమీద అందరూ దానిని చూశారు. ఆఫీసరు కూడా చూసింది.

కింద వేరే లోకంలా ఉంది. పైన మాటలన్నీ దూరమైపోయాయి. తలుపు పైనుంచి చూసినదానికన్న ఎంతో ఎత్తుగా, తుప్పుపట్టి, తడిసి, మీదికి వంగినట్టు కనిపించింది. ఇనుము వెనక నీరు తోస్తోంది. అంచుల సందుల్లోంచి సన్నని ధారలు బుసకొడుతున్నాయి. ఒక్కొక్కసారి మొత్తం తలుపు లోలోపల మూలిగినట్టు అదురుతోంది. కౌముది నూకరత్నం పక్కన తలుపుకు వీపు ఆనించి కూర్చుంటే ఆ అదురు వీపులోంచి పళ్ళలోకి వచ్చింది. మరిడమ్మ బతుకంతా ఈ అదురుకు వీపు పెట్టి పనిచేసిందని కౌముది అనుకుంది. ఒక్క పలుకును నమ్ముకుని.

"మీరెందుకొచ్చేరండి?" అంది నూకరత్నం.

"మావయ్య నొక్కుతాడేమోనని."

"నొక్కితే మీరూ నేనూ కలిసెల్తాం. నొక్కకపోతే కేకెయ్యాలి. సూద్దాం."

పైన శశిభూషణ్ చెమటలు తుడుచుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. "పెదబాబూ! నువ్వు కేకెయ్యరా, వస్తుంది" అన్నాడు చివరికి.

పెదబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.  "తూమిప్పుడు నా సేతిలో లేదండి బాబుగారూ. ఎత్తేవోడే కేకెయ్యాలండి."

"ఏమిటీ కేక?" అంది ఆఫీసరు.  గట్టు అవతల ఒక మడిగట్టు గండిపడిన చప్పుడు వినవచ్చింది. రైతులు ఈసారి గట్టిగానే అరిచారు. "ఏదో ఒకటి కానియ్యండి బాబూ, మునిగిపోతన్నాం!"

శశిభూషణ్ గోడ చివరకు నడిచాడు. పొడుచుకు వచ్చిన రాయిమీద, నీళ్ళు నిలిచిన ఆ రెండు గుంటల్లో బూట్ల కాళ్ళు పెట్టి నిలబడ్డాడు. కేకేశాడు.  ఆయన గొంతు కాదది. చిన్ననాడు ఆ గట్టుమీద ఆడుకుంటూ విన్న గొంతు, ఆ లాగుడుతో, ఆ విరుపుతో సహా.

"తూము లేత్తందో!"

కేక రాళ్ళపరుపుమీద పడి, ఏటి అవతలి మడచెట్లను తాకి తిరిగి వచ్చింది. పల్లెపాలెం వరుసలో ఆడవాళ్ళు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు. కౌముది నాలుకమీదికి జవాబు వచ్చేసింది. ఎక్కేమో, ఎత్తుకో. ఆ రెండు మాటలు పలికి మెట్లెక్కితే పొలాలు తేలతాయి, మేనమామ బయటపడతాడు, అందరూ ఇళ్ళకు పోతారు. నూకరత్నం ఆమె ముంజేతిమీద చెయ్యి వేసింది.

"పలకమాకండి" అంది మెల్లగా. "పలకాల్సింది మనం కాదండి."

 శశిభూషణ్ మళ్ళీ కేకేశాడు. కిందినుంచి పలుకు లేదు.

"కేక వేశారు కదా. ఇక దేనికోసం ఆగారు?" ఆఫీసరు గొంతు కిందిదాకా స్పష్టంగా వినబడింది.

"పలుకు కోసమండి" అన్నాడు శశిభూషణ్.

"పలుకంటే?"

"కింద ఉన్నవాళ్ళు పలకాలండి, ఎక్కామని."

"పలకకపోతే?"

"ఎత్తకూడదండి."

ఆ మాట ఆయన ఆలోచించి అన్నది కాదు. పుట్టి పెరిగిన ఊరు ఆయన నోటిలో పెట్టిన మాట. అన్న తరువాత దానిని వెనక్కి తీసుకోవడానికి ఆయన పెదవులు కదిలాయి గాని, అప్పటికే గట్టుమీద అందరూ దానిని విన్నారు.

"అయితే అది ఊళ్ళో అందరికీ తెలిసిన నియమం. మీకూ తెలుసు" అంది ఆఫీసరు. "మరిడమ్మ పోయిన రోజున మీట నొక్కింది ఎవరు?"

"నేనేనండి. కాని సైరన్—"

"సైరన్ సంగతి అడగలేదు. ఆ రోజున ఎవరు పలికారు?"

శశిభూషణ్ ఆ రాయిమీదనే నిలబడి ఉన్నాడు. దిగడానికి గుంటల్లోంచి కాళ్ళు రానట్టు. పసుపు గుడ్డ అంచు రాత్రి వానకు తడిసి రాతికి అంటుకుపోయి ఉంది. ఎవరూ దానివైపు చెయ్యి చాపలేదు.

"నేను అడిగినదానికి జవాబు కావాలి. ఇక్కడ కాకపోతే ఆఫీసులో, పోలీసుల ఎదుట. ఆ గుడ్డ అలాగే ఉండనివ్వండి" అని ఆఫీసరు కుర్చీ వెనక్కి తోసి, గోడ అంచుకు వచ్చి కిందికి చూసింది. "అమ్మా, మీరిద్దరూ పైకి రండి."

నూకరత్నం వెంటనే లేవలేదు. ఏటివైపు చూస్తోంది. రాళ్ళ నడుమ ఎండిపోయిన ఇసుక సన్నగా తడుస్తోంది. పాటు అయిపోయింది. సముద్రం తిరిగి వస్తోంది. మొదటి నీటి నాలుక ఆ మూల మడుగును కలుపుకుని, కౌముది పాదాలదాకా వచ్చి చల్లగా తాకింది. ఇంకాసేపటికి తలుపు ఎత్తినా మురుగు పోదు. ఉప్పే లోపలికి వస్తుంది.

"లెగండమ్మగారూ" అంది నూకరత్నం.

ముందు కౌముది ఎక్కింది. నూకరత్నం రాళ్ళపరుపంతా ఒకసారి తిరిగి, ప్రతి మూలా చూసి, మూల మడుగు దగ్గర మరికొంతసేపు నిలబడి, అప్పుడు ఎక్కింది. చివరి మెట్టుమీద ఆగింది. పల్లెపాలెం ఆడవాళ్ళందరూ ఆమె నోటివైపే చూశారు. పెదబాబు తలపాగా తీశాడు.

నూకరత్నం పలకలేదు. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వాళ్ళలోకి నడిచి వెళ్ళిపోయింది.

పలుకు లేక ఆ పాటుకు తూము లేవలేదు. మురుగు వెనక్కి తన్ని సాయంత్రానికి మొదటగా శశిభూషణ్ చెరువుగట్లమీదికే ఎక్కింది. కౌముది గోడ దగ్గరే నిలబడి ఉంది. ఆమె చెయ్యి తడి పసుపు గుడ్డ మీదుగా, తన పేరు చెక్కి ఉన్న చోటును తడుముతోంది. ఇనుప తలుపుకు ఇప్పుడు అటు నీరు, ఇటు నీరు. రెండువైపులా ఎక్కుతూనే ఉన్నాయి.